పన్నెండు వందల నలభై ఎనిమిది

2009లో కొన్న మా కారుకు 2024లో పదిహేనేళ్ళు నిండాయి. సొంతవాహనానికి మొదటి నమోదు చెల్లేది అంతవరకే. ఆపైన కూడా రోడ్డు మీద తిప్పాలంటే రవాణాశాఖ వారి ఎదుట బండిని నిలబెట్టి, తనిఖీ చేయించి, రుసుము కట్టి, మరో ఐదేళ్ళ ఆయుర్దాయం పుచ్చుకోవాలి. 2022 ఏప్రిల్‌కు ముందు ఆరువందలుండిన ఆ రుసుమును ఐదువేలు చేశారు. మా బావమరిది ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అమ్మేయండి బావగారూ, తుక్కు ధర వచ్చినా లాభమే." మా అమ్మాయి అంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్న వేసింది. "నాన్నా, పొద్దున్నే బండి స్టార్టు చేసేటప్పుడు ఎప్పుడైనా దాని వెనకాల నిలబడి చూశావా?" అని.

ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పలేని మనిషి ఏం చేస్తాడు? చరిత్ర చదువుతాడు. నేనూ అదే చేశాను. కారు పేరు, కంపెనీ పేరు చెప్పను. దాని బానెట్టు కింద ఉన్న ఇంజను మాత్రం మన దేశంలో అనేక పేర్లతో, అనేక కంపెనీల చిహ్నాల కింద తిరిగినదే. దాని ఘనపరిమాణం 1248 ఘనసెంటీమీటర్లు. మోటారు పత్రికలవాళ్ళు వేళాకోళంగా దానికి పెట్టిన పేరు "జాతీయ ఇంజను". కథానాయకుణ్ణి పరిచయం చేశాను గనుక ఇక కథలోకి వస్తాను. వెనకనుంచి మొదలుపెట్టాలి. ఓపిక పట్టండి.

డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదని మీకు తెలుసు. గాలిని బాగా కుక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు మొన పట్టుకుని చూసిన ప్రతి పిల్లవాడికీ ఇది అనుభవమే. ఆ వేడిగాలిలోకి నూనెను చిమ్మితే దానంతటదే మండుతుంది. 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్న రుడాల్ఫ్ డీజిల్, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో సరిగ్గా పనిచేసే ఇంజనును చూపించాడు. 1913 సెప్టెంబరులో ఇంగ్లండుకు వెళ్తూ ఓడ మీదనుంచి రాత్రికి రాత్రి మాయమై, సముద్రంలో శవమయ్యాడు. ఎలా జరిగిందన్నది ఈనాటికీ తేలలేదు. ఆయన యంత్రం మాత్రం ఆ సముద్రాన్నే ఏలింది. భారీ ఇంజను, నిదానపు నడక, ఎడతెగని పని. ఓడకు కావలసినవీ అవే.

టర్బో కథ కూడా ఓడలనుంచే మొదలవుతుంది. ఇంజను మండించి వదిలే వేడిపొగలో చాలా శక్తి వృథాగా పోతున్నదని గమనించిన స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ, ఆ పొగతోనే ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీది మరో చక్రంతో లోపలికి గాలిని దట్టించవచ్చని 1905లో పేటెంటు తీసుకున్నాడు. అది ఆచరణలోకి రావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. 1920లలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిలు ఇంజన్లకు అమర్చినప్పుడు, ఒక్కొక్కటి 1750 అశ్వశక్తినుంచి 2500కు పెరిగిందట. ఇనుము అదే, సిలిండర్లు అవే, ఎక్కువైనది గాలి ఒక్కటే.

మన విశాఖ రేవులోకి 1933 అక్టోబరు 7న తొలి ఓడ "జలదుర్గ" ప్రవేశించేనాటికి ఓడలలో ఎక్కువభాగం ఇంకా ఆవిరివే. మధ్యపరగణాల మాంగనీసును రాయపూరు-విజయనగరం రైలుమార్గం మీదుగా సముద్రానికి చేర్చడం ఆ రేవు పుట్టుకకున్న ముఖ్యకారణాలలో ఒకటి. ఇప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా టగ్గులు పెద్ద ఓడను నెట్టుకుంటూ తెచ్చే దృశ్యం చూసినప్పుడల్లా, ఆ టగ్గు పొట్టలోనూ మా కారు బానెట్టు కిందా ఉన్నది ఒకే వంశమని గుర్తొస్తుంది. ఒకటి ముత్తాత, మరొకటి మునిమనుమడు. మునిమనుమడి టర్బో నా గుప్పిట్లో ఇమిడిపోయేటంత ఉంటుంది. నిమిషానికి రెండు లక్షల చుట్లదాకా తిరుగుతుంది.

(ఒకప్పుడు మనలో కొందరం ప్రతి ఇంగ్లీషు మాటకూ తెలుగుమాట పుట్టించాలని ఉబలాటపడేవాళ్ళం కదా. టర్బోకు నేను "పొగచక్రం" అని పెట్టాను. గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రి దగ్గర ఆ మాట వాడి చూశాను. ఆయన చాలాసేపు జాలిగా చూసి, "టర్బోయే కదా బాబూ?" అన్నాడు. పదసృష్టికి అక్కడితో స్వస్తి చెప్పాను.)

కారులోకి డీజిలును మొదట పెద్ద ఎత్తున తెచ్చినది మెర్సిడెస్. అది 1936 సంగతి. 1978లో అదే సంస్థ టర్బోను కూడా జోడించింది. కాని అవన్నీ భాగ్యవంతుల బళ్ళు. మన దేశంలో డీజిలు కారంటే మొదట అంబాసడరే. 1489 ఘనసెంటీమీటర్ల పాత బ్రిటిషు వంశపు ఇంజను. మా చిన్నతనంలో విశాఖ రైల్వేస్టేషను బయట వరసగా నిలబడిన ఆ టాక్సీలు నిద్రలో గురకపెడుతున్న ఏనుగుల్లా ఉండేవి. 1998 డిసెంబరులో టాటావారి ఇండికా వచ్చింది. చిన్నకారు, 1405 ఘనసెంటీమీటర్ల డీజిలు. మధ్యతరగతివాడు "లీటరుకు ఎంతిస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు విని కారు కొనడం మొదలుపెట్టింది అప్పుడే. దాని టార్కు, అనగా చక్రాన్ని మెలితిప్పే బలం, 85 న్యూటన్ మీటర్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

ఆనాటి చిన్న డీజిళ్ళ లోపమేమిటంటే, ఒక యాంత్రికపంపు ఒక్కొక్క సిలిండరుకు వంతుల ప్రకారం నూనెను తోసేది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే పీడనమూ తక్కువే. నూనె పడీపడగానే ఒక్కసారిగా భగ్గుమనడంవల్ల ఆ డగడగ శబ్దం. దీనికి విరుగుడు ఇటలీలో దొరికింది. పంపు పని పీడనం పుట్టించడం మాత్రమే. ఆ నూనెను ఒక దిట్టమైన గొట్టంలో ఎల్లప్పుడూ అధిక పీడనంలో నిలవ ఉంచి, ఎప్పుడు ఎంత చిమ్మాలన్నది ఎలక్ట్రానిక్ మెదడుకు వదిలెయ్యాలి. ఆ ఉమ్మడి గొట్టమే "కామన్ రైల్". ఊహ పాతదే. దాన్ని కారుకు పనికివచ్చేటట్టు మలచినవారు ఫియట్ పరిశోధకులు. అయితే లక్షలలో తయారుచేయడానికి కావలసిన వ్యవస్థ చేతిలో లేక, దాన్ని 1990లలో జర్మనీకి చెందిన బాష్‌ సంస్థకు ఇచ్చివేశారు. 1997లో ఆల్ఫా రోమియో 156లో తొలిసారి మార్కెట్టుకు వచ్చింది. తరువాత ప్రపంచమంతటా ఆ వ్యాపారంలో సంపాదించినది ఎక్కువగా జర్మనులే. విత్తిన చెయ్యి ఒకటి, కోసిన చెయ్యి ఒకటి. మన పరిశోధనశాలల సంగతి తెలిసినవారికి ఇందులో వింత కనబడదు.

ఫియట్ అక్కడ ఆగిపోలేదు. ఒక్కసారి చిమ్మే నూనెను ముక్కలు చేసి చిమ్మితే? ముందు ఒక చుక్క వేసి మంటను మేలుకొలిపి, ఆపైన అసలు మోతాదు, ఆ వెనక అవసరాన్నిబట్టి మరికొంత. ఒక్క దహనచక్రంలో ఐదుసార్లదాకా చిమ్మగల ఈ పద్ధతికి "మల్టీజెట్" అని పేరుపెట్టారు. 2003లో వచ్చిన దాని అతిచిన్న రూపమే మన కథానాయకుడు. సిలిండరు వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, పిస్టను నడక 82 మిల్లీమీటర్లు, నాలుగు సిలిండర్లు. గుణించి చూసుకోండి, 1248 వస్తుంది. పదహారు కవాటాలు, పైన రెండు కామ్‌షాఫ్టులు, పోతఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు. కామ్‌షాఫ్టులను తిప్పడానికి రబ్బరు బెల్టుకు బదులు ఉక్కు గొలుసు. ఈ గొలుసు దగ్గరకు మళ్ళీ వస్తాను. మన దేశంలో ఎక్కువగా అమ్ముడైన రూపంలో 4000 చుట్ల దగ్గర 75 అశ్వశక్తి, 2000 చుట్ల దగ్గర 190 న్యూటన్ మీటర్లు. ఇండికాది 85 అని చెప్పాను. దానికంటే చిన్న ఇంజను, రెట్టింపుకు మించిన బలం.

4000 చుట్ల దగ్గర ఒక్కొక్క సిలిండరు సెకనుకు ముప్పైమూడుసార్లు మండుతుంది. ఒక్కొక్క మంటకు మూడు చిమ్ముళ్ళు అనుకున్నా, ఒక సూదిమొన సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి. అదీ వెయ్యి బార్లు దాటిన పీడనం కింద, ఏళ్ళ తరబడి. ఈ లెక్క మొదట కాగితం మీద వేసుకున్న రోజున, బంకులో కల్తీ డీజిలు పోయించుకోవడమంటే ఎంత పాపమో అర్థమైంది.

అప్పట్లో ఫియట్‌కూ అమెరికా జనరల్ మోటార్స్‌కూ పొత్తు ఉండేది. ఈ ఇంజను ఆ పొత్తు కాలపు బిడ్డ. పోలండులోని బీల్స్కో-బ్యావా కర్మాగారంలో తయారై ఫియట్‌లోనూ ఓపెల్‌లోనూ సుజుకీలోనూ చేరింది. 2005లో ఆ పొత్తు విడిపోయింది. ఫియట్‌ను పూర్తిగా కొనవలసివచ్చే షరతునుంచి తప్పించుకోవడానికి జనరల్ మోటార్స్ రెండు వందల కోట్ల డాలర్లు చెల్లించి బయటపడింది. అదే సంవత్సరం ఈ ఇంజనుకు తన తరగతిలో ఆ ఏటి మేటి అంతర్జాతీయ ఇంజను బహుమతి వచ్చింది. తల్లిదండ్రులు విడాకులు తీసుకున్న యేడే బిడ్డకు బంగారుపతకం.

మన దేశానికి రావడం వెనక ఇంజనీరింగు కంటే పన్నుల శాస్త్రం ఎక్కువ పనిచేసింది. 2006 బడ్జెట్టులో నాలుగు మీటర్లలోపు పొడవుండి, పెట్రోలైతే 1200, డీజిలైతే 1500 ఘనసెంటీమీటర్లు మించని కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతంనుంచి 16కు తగ్గించారు. 1248 ఆ గీతకు ఎంతో హాయిగా లోపల ఉంది. సుజుకీ సంస్థ ఫియట్ అనుమతితో మానేసర్‌లో తయారీ మొదలుపెట్టగా, 2007 జనవరిలో మారుతీ స్విఫ్టు డీజిలు వచ్చింది. ఫియట్, టాటా కలిసి పుణె దగ్గరి రంజన్‌గావ్‌లో తయారుచేశారు. 2008లో డిజైరు, ఇండికా విస్టా. 2009లో రిట్జ్, లీనియా, పుంటో, మాంజా. ఆపైన ఎర్టిగా, షెవ్రొలే సెయిల్, సియాజ్, బ్రెజా. పోటీదారులందరి కడుపులోనూ ఒకే గుండె. ఒక దశలో మానేసర్‌లో తయారయ్యేవి చాలక, మారుతీ సంస్థ ఏటా లక్ష ఇంజన్ల చొప్పున ఫియట్ దగ్గర కొనుక్కోవడానికి 2012లో ఒప్పందం చేసుకుంది. తన కారును ఓడించాలనుకునేవాడికి తన ఇంజనునే అమ్మినవాడి కథ భారతంలో కూడా లేదనుకుంటాను.

మేము కొన్నది 2009లో అన్నాను. మా నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించారు. కర్మాగారం కోసం 1966లో ఊరు ఎలా రగిలిందో, 1971లో శంకుస్థాపన జరిగి, పూర్తయి జాతికి అంకితం కావడానికి 1992 దాకా ఎలా పట్టిందో ఆయన చెప్పగా విన్న ఇంట్లో పెరిగాను. ఊదుకొలిములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టినవారి మీద ఆయనకు గొప్ప గౌరవం. కొత్తకారు బానెట్టు ఎత్తగానే ఆయన చూసింది కంపెనీ గుర్తును కాదు, బ్లాకు మీద వేలితో మీటి, "పోతఇనుమే. అల్యూమినియం కాదు. మంచిది" అన్నారు. దుకాణంవాళ్ళు చెప్పిన అంకెలన్నిటికంటే ఆ మాటే నాకు ధైర్యమిచ్చింది. ఆయన ఇప్పుడు లేరు. కారును తుక్కుకు వెయ్యడానికి చెయ్యి రాకపోవడంలో ఈ సంగతికీ కొంత వాటా ఉందని ఒప్పుకోవాలి.

కొన్న మొదటివారం సింహాచలం కొండ ఎక్కుతుంటే మలుపులో బండి నీరసించిపోయింది. రెండువేల చుట్లకు లోపల టర్బోకు తగినంత పొగ అందదు. అది మేలుకోనిదే ఇంజనుకు ప్రాణం రాదు. ఈ చిన్న డీజిలుకు అందరూ చెప్పే మొదటి దోషం ఇదే. మలుపుకు ముందే ఒక గేరు దించుకోవడం నేర్చుకున్నాక ఆ బాధ తీరింది. అరకు దారిలో దాని అసలు గుణం బయటపడింది. శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఎక్కుతూ వెయ్యి మీటర్ల ఎత్తు దాటేసరికి, గాలి సాంద్రత సముద్రతీరంలో కంటే సుమారు పదోవంతు తగ్గుతుంది. గాలిని దానంతట అది పీల్చుకునే ఇంజను ఆ మేరకు ఆయాసపడుతుంది. టర్బో ఉన్నదానికి ఆ తేడా అంతగా తెలియదు. నలుగురు మనుషులు, సామాను, రెండు పనసకాయలతో తిరిగివస్తూ లెక్కవేస్తే లీటరుకు పంతొమ్మిది వచ్చింది.

ఇక పోషణ సంగతి. ఇది చెప్పాలనే ఇంతదూరం తీసుకువచ్చాను.

మన ఊళ్ళో ఈ ఇంజనుకు మొదటి శత్రువు దుమ్ము. నేను కొన్నేళ్ళు రేవు పరిసరాల్లో ఉద్యోగం చేశాను. ఎయిర్ ఫిల్టరు విప్పితే మడతల్లో ఒక పొర ఎర్రగా, ఒక పొర నల్లగా ఉండేది. ఎరుపు ఇనుపఖనిజానిది, నలుపు బొగ్గుది. ఏ ఓడలు ఎప్పుడు వచ్చివెళ్ళాయో ఫిల్టరు పొరల్లో చదువుకోవచ్చునని మేస్త్రి నవ్వేవాడు. పుస్తకంలో రాసిన గడువుకు సగంలోనే దాన్ని మార్చడం అలవాటు చేశాడు. రెండోది తేమ. డీజిలు ఫిల్టరు అడుగున చేరే నీటిని వానాకాలంలో మరింత తరచుగా వదలాలి. నీరు ఇంజెక్టర్లదాకా వెళ్ళిందంటే ఆ సూదిమొనలకు తుప్పే. మూడోది టర్బో. దాని ఇరుసు పల్చని నూనెపొర మీద తేలుతూ తిరుగుతుంది. హైవే మీద వేగంగా వచ్చి టక్కున ఇంజను ఆపితే, నూనె ఆగిపోతుంది గాని వేడి ఆగదు. మిగిలిన నూనె అక్కడే మాడి బొగ్గవుతుంది. ఇంటి ముందు ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపాలి. "ఎవరికోసం ఎదురుచూస్తున్నావు?" అని మా ఆవిడ పదిహేనేళ్ళుగా అడుగుతూనే ఉంది.

నాలుగోది గొలుసు. బెల్టయితే గడువు రాగానే మార్చాలని అందరికీ తెలుసు. ఇది ఉక్కుగొలుసు, ఇంజను ఉన్నన్నాళ్ళూ ఉంటుంది అని చెప్పి అమ్మారు. మాట పూర్తిగా అబద్ధం కాదు, నూనె బాగున్నంతవరకు అన్న షరతు మాత్రం చెప్పలేదు. డీజిలు మంటలో పుట్టే మసి కొంత నూనెలోకి దిగుతుంది. నూనె పాతబడేకొద్దీ ఆ మసి సానరాయిలా పనిచేసి గొలుసు కణుపులను అరగదీస్తుంది. ప్రతి కణుపూ వెంట్రుకవాసి అరిగినా చాలు, మొత్తంమీద గొలుసు సాగినట్టే. దాన్ని బిగువుగా పట్టే టెన్షనరు కూడా నూనె పీడనంతోనే పనిచేస్తుంది. ఈ ఇంజనులో పట్టే నూనె మూడు లీటర్ల చిల్లర. పెద్ద ఇంజన్లలాగా అజాగ్రత్తను సహించే వెసులుబాటు దానికి లేదు.

2016లో మా నాన్నగారి అనారోగ్యం మూలంగా ఆసుపత్రి చుట్టూ తిరిగిన ఏడాది, నూనె మార్చవలసిన గడువు దాటి మరో ఆరువేల కిలోమీటర్లు నడిపాను. తప్పు పూర్తిగా నాదే. ఒకనాటి తెల్లవారుజామున స్టార్టు చేయగానే రెండు క్షణాలపాటు కుడివైపునుంచి గొలుసుల సంచి కుదిపినట్టు చప్పుడు వచ్చి ఆగిపోయింది. మరునాడూ అంతే. మేస్త్రి డిప్‌స్టిక్కు తీసి, నూనెబొట్టును వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "నూనె సచ్చిపోనాది బాబూ. గొలుసు ఏడుస్తంది. ఇంకెన్నాళ్ళో ఓర్సుకోదు."

ఓర్చుకోకపోతే ఏమవుతుంది? సాగిన గొలుసు ఒకనాడు పళ్ళచక్రం మీద ఒక పన్ను జారుతుంది. కవాటాలు తెరుచుకునే వేళ తప్పి, పైకి వచ్చే పిస్టన్లు వాటిని ఢీకొంటాయి. అదృష్టం బాగుంటే మధ్యలో ఉండే రాకర్లు విరిగి తక్కినదాన్ని కాపాడతాయి. బాగుండకపోతే హెడ్డు మొత్తం పోతుంది. రెండు రోజులు పట్టింది. కుడివైపు మౌంటింగు విప్పి, ఇంజనును జాకీ మీద నిలబెట్టి, ముందుమూత తీసి, గొలుసు, టెన్షనరు, గైడులు, పళ్ళచక్రాలు అన్నీ మార్చాడు. పాతగొలుసునూ కొత్తగొలుసునూ పక్కపక్కన అడ్డంగా పట్టి చూపించాడు. కొత్తది కర్రలా నిలబడింది. పాతది తాబేలు వీపులా వంగింది. కంటికి కనబడే పొడవులో తేడా గోరంత కూడా లేదు. ఆ గోరంతకు రెండు నెలల జీతంలో మంచి భాగం పోయింది. ఆనాటినుంచి పదివేల గడువును నేను ఏడున్నర వేలకు కుదించుకున్నాను. ఈజీఆర్ కవాటం మసి పట్టి ఇరుక్కోవడం, దాన్ని విప్పి కడగడం మామూలు వ్యవహారాలు. వాటి గురించి రాసి విసిగించను.

మసి అన్నాను గనుక, అమ్మాయి ప్రశ్నకు రాక తప్పదు.

డీజిలు శుభ్రత దానిలోని గంధకం మీద ఆధారపడుతుంది. గంధకం ఎక్కువైతే పొగను శుద్ధిచేసే పరికరాలు పాడవుతాయి, మసి పెరుగుతుంది. భారత్ స్టేజ్ 2లో పదిలక్షల పాళ్ళకు 500 పాళ్ళు, స్టేజ్ 3లో 350, స్టేజ్ 4లో 50, స్టేజ్ 6లో 10. మన ఊరి చమురుశుద్ధి కర్మాగారం 1957లో కాల్టెక్స్ పేరుతో 6.75 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైంది. తూర్పుతీరంలో మొదటిది. జాతీయం కావడంతో హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చింది. నూనెను హైడ్రోజనుతో కలిపి గంధకాన్ని విడదీసే యూనిట్లు దానిలో ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. ఇంత ఉన్నా, 2010 ఏప్రిల్‌లో స్టేజ్ 4 డీజిలు మొదట అందిన పదమూడు నగరాలలో హైదరాబాదు ఉంది గాని విశాఖ లేదు. కుండ చేసిన ఊరివాడికి చిల్లుకుండ! అంతకు కొద్దినెలల ముందే, 2009 డిసెంబరులో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో విశాఖపట్నాన్ని చేర్చింది. నేను డీజిలు కారు కొన్నది ఆ సంవత్సరంలోనే. జాబితా వార్త చదివి రేవునూ కర్మాగారాలనూ తిట్టుకున్న గుర్తుంది. నా కారు గుర్తుకు వచ్చిన గుర్తు లేదు.

2012 నాటికి పెట్రోలుకూ డీజిలుకూ మధ్య తేడా లీటరుకు ముప్పై రూపాయలదాకా పెరిగింది. రైతు పంపుసెట్టు కోసం, లారీ కోసం, బస్సు కోసం ప్రభుత్వం భరించిన రాయితీని కార్లలో తిరిగేవాళ్ళం హాయిగా తాగాం. అమ్ముడైన కొత్తకార్లలో సగానికి మించి డీజిలువే. అదే 2012 జూన్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనసంస్థ డీజిలు పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా నిర్ధారించి మొదటివర్గంలో చేర్చింది. 2013 జనవరినుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున ధర పెంచుతూ వచ్చి, 2014 అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ ఎత్తివేశారు. తేడా కరిగిపోయింది. 2020 ఏప్రిల్‌నుంచి దేశమంతటా స్టేజ్ 6 అన్నారు. దానికి తగ్గట్టు పొగగొట్టంలో మసివడపోత తదితరాలు అమర్చితే చిన్నకారు ధర మోయలేనంత అవుతుందని మారుతీ సంస్థ 2019లోనే డీజిలు మానివేస్తున్నట్టు ప్రకటించింది. ఇతరులదీ అదే దారి. పదమూడేళ్ళపాటు దేశమంతా తిరిగిన ఇంజను ఒక్క తేదీతో ఆగిపోయింది. పోలండులోని దాని పుట్టినింటిని కూడా మూసివేస్తామని 2024 ఆరంభంలో ప్రకటించారు.

యంత్రంగా దానిలో లోపం వెదకడం కష్టం. అంత చిన్న పరిమాణంలో, అంత తక్కువ నూనె తాగుతూ, మా మేస్త్రి వంటివారి చేతుల్లో మూడు లక్షల కిలోమీటర్లు దాటిన టాక్సీలను నేను చూశాను. దానివల్ల నాకు మిగిలిన డబ్బు నిజం; ఆ మిగులులో కొంత ఇతరుల ఊపిరితిత్తులనుంచి వచ్చినదన్నదీ నిజమే. నా కారు పుట్టిన కాలానికి మసివడపోత అడిగినవారు లేరు, పెట్టినవారూ లేరు.

అమ్మాయి చెప్పినట్టు ఒకరోజు తెల్లవారి ఆమెచేత స్టార్టు చేయించి వెనక నిలబడ్డాను. మొదట ఒక బూడిదరంగు గుక్క, ఆపైన కంటికి కనబడేది లేదు. కనబడనిదే ఎక్కువ చెడ్డదని ఈపాటికి చదివి ఉన్నాను. రోజువారీ ఆఫీసు ప్రయాణం ఆనాటినుంచి బస్సులో. కారు ఊరి బయటి ప్రయాణాలకే. అది పరిష్కారం కాదని అమ్మాయి అంటుంది. బేరమని నేనూ ఒప్పుకున్నాను.

తనిఖీకి ముందు మేస్త్రి ఈజీఆర్ విప్పి కడిగి, ఎయిర్ ఫిల్టరు మార్చి, ఇంజెక్టర్ల కింది రాగివాషర్లు కొత్తవి వేశాడు. పొగపరీక్షలో నెగ్గింది. 2029 వరకు కాగితం ఇచ్చారు. ఓడోమీటరు మీద 1,86,400. తరువాతి నూనెమార్పు 1,93,900 దగ్గర. డ్యాష్‌బోర్డు మీద నాన్నగారి పాత కర్మాగారపు బిళ్ళ పక్కన చీటీ అంటించి పెట్టాను.